మూడో పేజీలో నలుపు

టైలరు పేపరు తెరిచాడు. మూడో పేజీలో ఎనిమిది వరుసలు నల్లగా పులిమేసి ఉన్నాయి. వరుసగా మూడో రోజు.

పక్కింటి ఇస్త్రీ అతని పేపర్లోనూ అంతే. అదే చోట, అదే నలుపు.

"పేపరుకి దిష్టిచుక్క పెట్టారేంటన్నా!" అని నవ్వాడతను.

టైలరు నవ్వలేదు.

వారం కిందట అతని కూతురిని ఒకడు దారికాచి గాయపరిచాడు. పిల్ల గది దాటి రావడం లేదు. వీధికి మాత్రం జ్వరమని చెప్పాడు. ఆ దుర్మార్గుడి పేరు పేపర్లో పడితే చాలని రోజూ వెతుకుతున్నాడు.

ఆ పేరే ఎవరో చెరిపిస్తున్నారు. అతనికి సందేహం లేదు.

మర్నాడు పేపర్లు వేసే పెద్దావిడ రాగానే సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆమె సంచిలో నల్ల స్కెచ్ పెన్ను కనిపించింది.

"వాడు నీకేమవుతాడు?"

"ఎవడు నాయనా?"

"నంగనాచి కబుర్లొద్దు. ఎవడి పేరు దాస్తున్నావ్?"

ఆమె మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది.

"నాలుగు రోజులు పేపరు చదవకు నాయనా."

"చదవాలో వద్దో నువ్వా నాకు చెప్పేది!"

పేపరు ఏజెంటుకు ఫిర్యాదు చేశాడు. ఆ పూటే ఆమెను మాన్పించారు.

తెల్లారి కొత్త మనిషి శుభ్రమైన పేపరు విసిరి వెళ్లాడు.

వాడి పేరు లేదు. 'ఓ యువకుడు' అని ఉంది. 'క్షణికావేశంలో' అని ఉంది.

కూతురి పేరూ లేదు. 'బాధితురాలి పేరు గోప్యంగా ఉంచుతున్నాం' అని రాశారు. దాని పైనే ఆమె కాలేజీ, ఈ వీధి, తండ్రి కుట్టుమిషను. ఒంటరిగా ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న.

తలెత్తాడు. ఇస్త్రీ అతను పేపరు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఎదురు మేడ మీద ముగ్గురు గుసగుసలాడుతున్నారు.

టైలరు ఏజెంటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆవిణ్ణి మళ్లీ పంపండి సార్!"

"రాదండీ. నిన్న సైకిలూ, ఈ పెన్నూ నా ముందు పెట్టి వెళ్లిపోయింది."

"ఎందుకు చేసిందట?"



"వాళ్లమ్మాయి గురించి కూడా ఒకప్పుడు ఇలాగే రాశారట. వీధి మాటలు పడలేక పిల్ల ప్రాణం తీసుకుంది. అసలేం రాశారో చదవాలని ఆవిడ అరవయ్యో ఏట అక్షరాలు నేర్చుకుందట."