నాలుగింటి మీటింగు

"ఆ మీటింగు ఈడ లేదప్పా. రెండు నెలలాయె, యాడికో మార్చుకున్నారు," అన్నాడు బడి వాచ్‌మన్.

మునిశేఖర్‌కు ఒళ్ళు మండింది. రేణిగుంట నుంచి బస్సు, బస్టాండు నుంచి ఆటో, ఆటో దిగి రెండు సందులు నడక. తీరా వస్తే గేటుకు తాళం. నిన్న ఫోన్లో అడ్రసు చెప్పిన మనిషి ఇవాళ ఫోనెత్తడం లేదు.

"యాడికి మార్చినారు?"

"నాకేం తెలుసు? వాళ్ళు బోర్డు పెట్టరు, పేర్లు చెప్పరు. తాగేటప్పుడు ఊరంతా తెలిసేట్టు తాగతారు. మానేటప్పుడు మాత్రం గుట్టు!" వాచ్‌మన్ చూపు మునిశేఖర్ కొత్త గుండు మీద ఆగింది. "గుండు కొట్టించుకుంటే సాలదబ్బా. మనసులో ఉండల్ల."

తిరుపతిలో గుండును ఎవరూ పట్టించుకోరు. వీధికి పది కనిపిస్తాయి. కానీ తాగుడు మాన్పించే మీటింగు ఎక్కడని అడిగే గుండు దొరికితే ఎవరు వదులుతారు? తాగుడు ఆగాలని మొక్కుకుని, పని కాకముందే మొన్న కొండమీద జుట్టిచ్చి వచ్చాడు మునిశేఖర్. దేవుడికి అడ్వాన్సు.

వెనకాల అతని తల్లి తిరుమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఇంటికి పోదాం రా శేఖరా," అంది.

"పోయేదేం లేదు. గమ్మునుండు," అని కసిరాడు.

"కన్నతల్లిని కసరతావా? ఈ వయసులో ఆయమ్మను ఎండలో తిప్పతా ఉండావు, సిగ్గులేదా నీకు?" అన్నాడు వాచ్‌మన్.

మునిశేఖర్ ఫోను తీసి చూశాడు. టైము మూడుంపావు. మీటింగు నాలుగింటికి. పది రోజులు బతిమాలుకుంటే కుదిరిన ఆదివారం ఇది. ఈరోజు తప్పితే వచ్చే ఆదివారం దాకా ఇచ్చిన మాట నిలబడదని అతనికి బాగా తెలుసు.

నిలబడకపోతే సంసారం లేదు. పోయిన నెల, తాగిన చేతుల్లోంచి పాప మెట్ల మీద జారిపడింది. గడ్డం కింద మూడు కుట్లు. ఆ సాయంత్రమే భార్య రూపశ్రీ పాపను ఎత్తుకుని పుత్తూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. రేణిగుంట ఇంట్లో తాగుడు ఆగేదాకా బిడ్డను గడప తొక్కనివ్వనంది. ఆమెను తప్పు పట్టడానికి అతనికి నోరు రాలేదు.

సందు మొదట్లో ఆదిలక్ష్మమ్మ టీ బంకు. ఆమెను అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా ముందు తిరుమలమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి టీ చేతికిచ్చింది. గ్లాసు వణికి సగం టీ చీర మీద ఒలికింది.

"సూడు, దిగులుతో ఆయమ్మ చేతులు ఎట్ల వణకతా ఉండాయో! మా ఇంటాయనా నీ మాదిరే. దినామూ రేపు మానతా అనేవాడు. ఆ రేపు రాకముందే పోయినాడు."

"అక్కా, తెలిస్తే చెప్పు. తెలీకుంటే తెలీదను." మునిశేఖర్ గొంతు లేచింది.

"అరస్తాడు సూడు! నువ్వేమనవేం తల్లీ? గారాబం చేసింటావు. అందుకే ఇట్లయినాడు."

తిరుమలమ్మ గ్లాసులోకే చూస్తూ కూర్చుంది. "మావాడు మంచోడమ్మా," అంది సన్నగా.

"తల్లులందరూ అట్లే అంటారులే."

పక్కన టీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. మునిశేఖర్‌కు ఆ గ్లాసులన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. తల్లి వేళ్ళు అతని చొక్కా అంచును పట్టుకున్నాయి. తిట్లన్నీ అయ్యాక గానీ ఆదిలక్ష్మమ్మ నోట్లోంచి అడ్రసు రాలేదు. కొర్లగుంటలో, కుట్టుమిషన్ల అంగడి పైన మిద్దె. ఆమె దగ్గర టీ తాగే ఒకాయన అక్కడికే వెళ్తాడట.

ఆటో ఎక్కారు. ఆటో చెంగయ్య కూడా గుండును చూశాడు, కొర్లగుంటలో ఏ మీటింగుకు వెళ్తున్నారో విన్నాడు, అంతే. ఇంక నోరు ఆపలేదు. పరగడుపున నిమ్మరసం తాగమన్నాడు. మాల వేసుకోమన్నాడు. ఆ సావాసాలు వదలమన్నాడు. సలహాలకు మన దేశంలో ఏనాడూ కరువు లేదు.

"ఎన్నేండ్లుగా ఈ అలవాటు?"

"మా నాయన పోయినప్పటినుంచి. ఆరేండ్లు."

"అదీ సంగతి. దిగులుకు మొదలుపెట్టేది, దాన్నే పట్టుకుని యాలాడేది. మీ అమ్మ మొగం సూసైనా మానప్పా."

మునిశేఖర్ తల్లి ముఖం చూశాడు. ఆమె కొంగుముడి విప్పి ఒక లవంగం నోట్లో వేసుకుని, రోడ్డు వైపు తిరిగింది.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా మిద్దె మెట్లెక్కారు. పైన చిన్న గది. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో పది పన్నెండు మంది. గుమ్మం పక్కన వరండాలో ఒక బెంచీ. నెరిసిన గడ్డం ఆయన ఎదురొచ్చాడు.

"నా పేరు గిరిప్రసాద్. రాప్పా, భయపడొద్దు. ఈడ ఎవురూ ఎవుర్నీ తిట్టరు."

పొద్దుటినుంచి ఆ మాట అన్నది ఈయనొక్కడే. మునిశేఖర్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గిరిప్రసాద్ ఖాళీ కుర్చీ ఒకటి ముందుకు లాగాడు. "లోపల తాగే అలవాటున్నోళ్ళమే కూర్చుంటాం. వాళ్ళను పిల్సుకొచ్చినోళ్ళు బయట బెంచీ మీద ఉండల్ల. అది ఈడ పద్ధతి. అమ్మా, నువ్వు గంటసేపు ఆడ కూర్చో, నీ కొడుకును మేం సూసుకుంటాం."

తిరుమలమ్మ కదల్లేదు. తలెత్తి కొడుకు గుండు వంక చూసింది. ఆమె చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

మునిశేఖర్ తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.