అచ్చుతప్పు

“ఆ పుస్తకం ఒక్కసారి ఇటిస్తారా అమ్మా?”

బెంచీకి అటు చివర కూర్చున్న ముసలాయన చెయ్యి చాపాడు.

ఆమె పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఆయన చేతి గోళ్ళ నిండా మట్టి.

“ఇందులో కథలుండవు తాతగారూ. అన్నీ అంకెలే.”

“అంకెలే కావాలమ్మా నాకు.”

ఆమెకు నవ్వొచ్చింది. నేరగణాంకాల కార్యాలయానికి అంకెల కోసం వచ్చేది తనలాంటి పరిశోధకులే అనుకుంది ఇన్నాళ్ళూ.

వాటి కోసమే ఆ వరండాలో చెప్పులరిగేలా తిరుగుతోంది. జైళ్ళ వార్షిక నివేదిక బయట దొరకదు. దొరికినా ఓ పట్టాన అర్థం కాదు. ఒకే మనిషి మూడుసార్లు లోపలికి వెళితే ఒక పట్టికలో ముగ్గురు, ఇంకో పట్టికలో ఒక్కడు. ఎందుకలా అని అడిగితే చెప్పే నాథుడు లేడు.

ఇప్పుడామెను పీడిస్తున్నది ఒక్క అంకె.

విచారణ పూర్తికాకుండా జైల్లో ఉన్నవాళ్ళ పట్టికలో చిట్టచివరి వరుస. ‘ఇరవై ఏళ్ళకు పైగా లోపల ఉన్నవారు.’ దాని ఎదురుగా ఒకటి.

దాని పైవరుసలో సున్నా. అంతకుముందు ఏడాది పుస్తకంలో అసలా వరుసే లేదు.

“విచారణ జరక్కుండా అన్నేళ్ళు ఒక మనిషిని లోపల ఉంచుతారా ఎవరైనా?” అంది తనలో తను అనుకుంటున్నట్టు.

“ఉంచుతారమ్మా,” అన్నాడు ముసలాయన. “ఒకడున్నాడు.”

“మీకు తెలుసా?”

“తెలుసు. ఏం కేసో కూడా సరిగ్గా చెప్పలేదు. వాయిదా అన్నారు. మళ్ళీ వాయిదా అన్నారు. తరవాత పిలవడమే మానేశారు. ఓ రోజు పొద్దున్నే గేటు తీసి, నీ ఫైలు లేదు, పో అన్నారు.”

“మీ అబ్బాయా?”

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. పళ్ళు లేని నోటితో చిన్నగా నవ్వాడు.

“అలాగే అనుకోండమ్మా.”

“ఆధారం ఏమైనా ఉందా?”

“జైలువాళ్ళు ఫైళ్ళన్నీ వానకు తడిసి పాడయ్యాయన్నారు. ఈ పుస్తకంలో ఉంటాడని ప్లీడరమ్మ చెప్పింది. ఆ పేజీ మీద స్టాంపు వేయించుకు రమ్మంది. వీళ్ళేమో ఎప్పుడొచ్చినా రేపు రమ్మంటారు. మీరు చదువుకున్నవాళ్ళు. ఓ మాట చెప్పి పెట్టరూ?”

లోపలినుంచి పిలుపొచ్చింది.

“చూస్తాలెండి,” అంటూ ఆమె గబగబా లేచింది.

లోపల ఆఫీసు సూపరింటెండెంటు పేజీ మీదికి వంగి చూశాడు.

“ఇది అచ్చుతప్పమ్మా. మా టైపు చేసేవాడికి సున్నాకీ ఒకటికీ తేడా తెలిస్తే ఇక్కడెందుకుంటాడు? ఏ బ్యాంకులోనో ఉండేవాడు.”

ఆమె కూడా నవ్వింది.

“ఆ మాటే కాస్త రాసిస్తారా? పరిశోధనలో చూపించాలి.”

“రాసివ్వడం దేనికి, సరిదిద్దే పారేస్తాం. ఈ వరుస తప్పుగా ఉందని మీరో అర్జీ పడెయ్యండి చాలు.”

ముసలాయన మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

ఒక తండ్రి దుఃఖం గణాంకం కాదు కదా, అనుకుంది.

అర్జీ రాసిచ్చింది.

బయటికి వస్తుంటే ముసలాయన లేచి నిలబడ్డాడు.

“చెప్పారా అమ్మా?”

“అది తప్పు పడిందట తాతగారూ. తీసేస్తారట.”

ఆయన మెల్లగా వెనక్కి జరిగి బెంచీ తడుముకుని కూర్చున్నాడు.

“ఉన్నదదొక్కటే,” అన్నాడు.

ఆమె వినిపించుకోలేదు. బస్సుకు వేళైంది.

పరిశోధన పూర్తయింది. పట్టికలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక లాయరు ఆమె గది వెతుక్కుంటూ వచ్చింది. నడివయసు మనిషి. కూర్చోకుండానే అడిగింది.

“దిద్దకముందు పుస్తకం మీ దగ్గరుందా?”

“ఉందండీ. ఎందుకు?”

“నా క్లయింటు అన్నేళ్ళు జైల్లో ఉన్నాడనడానికి మిగిలిన ఆధారం ఆ ఒక్క అంకే. కొత్తగా వచ్చిన జైలరొకాయన కాగితాలు చూసి కాకుండా తలలు లెక్కపెట్టి రాయించాడు దాన్ని. కోర్టులో సర్కారువాళ్ళు దిద్దిన పుస్తకం చూపించారు. అలాంటి ఖైదీ ఎవడూ లేడన్నారు. మీ అర్జీ కూడా జతచేశారు. పరిహారం కేసు కొట్టేశారు.”

ఆమె అరలోంచి పాత పుస్తకం బయటికి లాగింది.

“నేనొస్తానండీ. పుస్తకం తెస్తాను. పొరపాటు నాదేనని జడ్జిగారికి చెబుతాను. మళ్ళీ వెయ్యండి.”

“ఎవరి తరఫున వెయ్యను? పోయినవారం పెద్దాసుపత్రిలో చనిపోయాడు. చేతిలో ఒక్క కాగితం లేదు కదా, అనాథ శవాల్లో రాసుకున్నారు. కనీసం ఆ రాతైనా మార్పిద్దామని తిరుగుతున్నాను.”

ఆమె పుస్తకాన్ని బల్లమీద పెట్టేసింది.

“మరి వాళ్ళ నాన్న ఎలా ఉన్నారండీ?”

“ఎవరు?”

“ఆ ముసలాయన. తల ముగ్గుబుట్టలా ఉంటుంది, నోట్లో పళ్ళు లేవు. కొడుకు కోసం ఆ ఆఫీసు వరండాలోనే కూర్చునేవారు. ఆయన్ని ఒక్కసారి చూడాలండీ. కాళ్ళమీద పడాలి.”

లాయరు కుర్చీ లాక్కుని, మొదటిసారి కూర్చుంది.

“ఆయనకు కొడుకెక్కడమ్మా, పెళ్ళే కాలేదు,” అంది. “మీసాలు సరిగా రాకముందే లోపలికెళ్ళి, యాభై అయినా నిండకుండానే మీరు చెప్పిన ఆ రూపంతో బయటికొచ్చింది నా క్లయింటే.”