మూగపిల్ల

"ఇది పుట్టుమూగ అయ్యా. మీకెందుకు పనికొస్తుంది?" అంది హల్డా, కూతురు తిర్జాను తన వెనక్కి లాక్కుంటూ.

కౌంటీ పేదల సత్రంలోంచి పనికి ఓ పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన రైతు తృప్తిగా తలాడించాడు. "మూగదే కావాలి. పోయినేడు తీసుకెళ్లిన పిల్ల చర్చిలో నోరు విప్పింది. మా ఇంట్లో జరిగేది ఊరికెందుకు?"

హల్డా కూతుర్ని గబుక్కున ముందుకు లాగింది. "అబద్ధం చెప్పానయ్యా. ఇది గలగలా మాట్లాడుతుంది."

సత్రం చూసుకునే మిసెస్ క్రాండల్ నిట్టూర్చింది. "ఈ తల్లులింతే. పూటకో మాట."

"మాట్లాడు తిర్జా. నేనే చెబుతున్నాను, మాట్లాడవే."

తిర్జా తల్లి కళ్లలోకి చూసింది. "నా చేత అడిగించినా సరే నోరు విప్పకు, విప్పితే మనల్ని విడదీస్తారు" అని పొద్దున సత్రంలో అడుగు పెట్టేముందు అమ్మే చెప్పింది.

పెదవులు ఇంకా గట్టిగా బిగించుకుంది.