రాగిపువ్వు పీకిన మనిషి

చిలాల కుండ పట్టుకుని లోయలోకి దిగేసరికి, ఎవరో ముసలాయన వంగి నీలిపూల మొక్కలు పీకుతున్నాడు.

"ఓ పెద్దాయనా! వాటిని మేకలైనా ముట్టవు. నీకెందుకయ్యా?"

"మేకకన్నా మొండివాణ్ణి తల్లీ," అన్నాడతను, నడుం పట్టుకుని లేస్తూ.

చిలాలకు నవ్వాగలేదు.

పేరు కపాసా అన్నాడు. పూటకింత సంకటి పెడితే చాలు, ఆ మొక్కల గింజ రాలకముందే లోయంతా శుభ్రం చేసి పోతానన్నాడు.

"గింజ వేస్తే మొలవని నేలది. పీకేదేదో నా మొక్కజొన్న చేలో కలుపు పీకు!"

"అదీ పీకుతా."

అన్నట్టే పొద్దున ఆమె చేలో కలుపు తీసేవాడు. మధ్యాహ్నం లోయలో పూలమొక్కలు పీకి, గొయ్యి తవ్వి పూడ్చేవాడు.

చిలాలకు మొగుడు పోయి మూడేళ్లు. ఊరి ఆడవాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏమే, నీ పూలరాజు భోంచేశాడా?"

"చేశాడు. మీ మొగుళ్లలా కాదు, చెప్పకుండానే పనిలోకి వెళ్లాడు కూడా!"

ఒకరోజు కపాసా ఒక మొక్కను వేళ్లతో సహా ఎత్తి చూపించాడు.

"ఇది రాగి ఉన్న నేల మీదే మొలుస్తుంది తల్లీ. వేరు నీళ్లతోపాటు రాగినీ తాగుతుంది. అది కాడలోంచి ఆకుదాకా పోతుంది. వేరే మొక్కైతే చచ్చూరుకుంటుంది. ఇదేమో పూలు పూస్తుంది!"

"అయితే బంగారం తాగే మొక్కేదో చూసి పీకరాదూ!"

కపాసా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

కోతలు మొదలైన రోజుకి లోయలో ఒక్క నీలిపువ్వు మిగల్లేదు. "వెళ్లొస్తా తల్లీ," అన్నాడు.

చిలాలకు ఒళ్లు మండింది. "పూలు పీకడానికి నెల్లాళ్లున్నావు, కోతకు రెండ్రోజులు ఉండలేవూ? పో, పో!"

దారిలో తినడానికి ముద్దైనా కట్టివ్వలేదు.

అతను నవ్వుతూ చెయ్యూపి వెళ్లిపోయాడు.

నాలుగోనాడు గనుల కంపెనీ జీపు వచ్చింది. ముగ్గురు మనుషులు రెండు రోజులు లోయంతా గాలించి, చివరికి చిలాల వాకిట్లో కూలబడ్డారు. ఊరంతా మూగింది. చిలాల వాళ్లకు ముంతలతో చల్లటి ముంకోయో అంబలి పోసింది.

వాళ్లలోని దుబాసీ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"అదృష్టవంతులమ్మా మీరు. ఆ రాగిపువ్వు నాలుగు చోట్ల కనబడినా ఇక్కడ గని తవ్వేవాళ్లు. చేలు, ఇళ్లు అన్నీ పీకి మిమ్మల్ని ఎక్కడికో తోలేవాళ్లు."

ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కేరింతలు కొట్టారు. ఎవరో డోలు తెచ్చారు. పండిన చేల మధ్య ఊరు ఊరంతా ఎగిరింది.

ఆ సందడిలోనే దుబాసీ జేబులోంచి ఒక ఫోటో తీశాడు.

"ఈయన గానీ ఇటొచ్చాడా?"

ఖాకీ టోపీ కింద నవ్వుతున్న మొహం కపాసాది.

చిలాల ఖాళీగా ఉన్న దారి వైపు చూసింది.

"లేదయ్యా. ఎప్పుడూ చూళ్లేదు."

"కనబడితే కబురు పెట్టమ్మా. ఈ పువ్వు వెంట నడిచి మా కంపెనీకి ఏడు గనులు చూపించిన మనిషి. మొదటి గని కింద పోయింది ఆయన సొంత ఊరే."