గడువు రోజు బేరం

బేస్‌బాల్ జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. క్లీవ్‌లాండ్ స్టేడియంలో ఎప్పటిలా పక్కపక్కనే కూర్చున్న లొరేటా, హోబర్ట్‌లు తమ జట్టులో బంతి విసిరే పిచర్ గురించి తగువు పడ్డారు.

"వాడి మోచెయ్యి అరిగిపోయింది. ఎవరైనా ఉత్తినే తీసుకుపోతే బావుణ్ను," అంది లొరేటా, గట్టిగా.

హోబర్ట్ వేరుశనగలు నమలడం ఆపేశాడు. "మతి ఉండే మాట్లాడుతున్నావా? వాడు విసిరితే బంతి కంటికి ఆనదు."

"నీ కంటికి బస్సు కూడా ఆనదు."

"ఆ మోచెయ్యి ఇంకో పదేళ్లు పనిచేస్తుంది, రాసిస్తా. వాడికి బదులుగా ముగ్గుర్నిచ్చినా తక్కువే," అని హోబర్ట్ లేచి నిలబడి అరిచాడు.

ముందు వరుసలో టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని మెట్లెక్కి వెళ్లాడు.

లొరేటా తల పట్టుకుంది. "అయిపోయింది. ఆయన న్యూయార్క్ జట్టు కోసం ఆటగాళ్లను చూడ్డానికొచ్చిన మనిషి. వాడు మనకే మిగలాలని ఆట మొదలైనప్పట్నుంచీ నోరు నొప్పెట్టేలా తిడుతున్నాను. నువ్వు దగ్గరుండి అమ్మేశావు."

హోబర్ట్ సీట్లో కూలబడ్డాడు. మైదానంలో ఎడమ కొసన ఉన్న వాళ్ల జట్టు ఫీల్డరు చేతిలోకొచ్చిన బంతిని జారవిడిచాడు.

ఫోను జేబులో పెట్టుకుంటూ టోపీ ఆయన తిరిగొచ్చాడు. హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"పిచర్‌దేముంది లొరేటా, నువ్వన్నట్టు మోచెయ్యి పోయింది. ఆ ఫీల్డర్ని మాత్రం ఎవరెంతిచ్చినా వదులుకోకూడదు," అన్నాడు, ముందు వరుసకి వినపడేలా.

లొరేటా కళ్లు తుడుచుకుంది.

"ప్రాణం పోయినా వదలం," అంది, ఇంకా గట్టిగా.