జడ పరీక్ష

కాలింగ్ బెల్ మోగేసరికి బ్రేకు మాస్టారు పక్కింటి చేపల తొట్టిని తమ బల్ల మీద సర్దుతున్నాడు.

"ఇంకా గంట టైముంది కదా, అప్పుడే వచ్చేశారా?" అంది భార్య కంగారుగా.

"చెప్పిన టైముకొస్తే అది పరీక్షెలా అవుతుంది? ముందే వచ్చి పట్టుకుంటారు" అన్నాడు మాస్టారు, అంతా తెలిసినవాడిలా.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ కంటే ముందే తను బ్రేకు తొక్కేస్తాడని ఆ పేరు. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారుల్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాడు కాబట్టి, అలాంటివాళ్ళని ఎలా మంచి చేసుకోవాలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఇవాళ్టి పరీక్ష పాప కోసం.

నా అన్నవాళ్ళు లేని పిల్లల్ని, దత్తత కుదిరేదాకా, పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్ళు కొన్ని ఇళ్ళల్లో పెట్టి పెంచుతారు. పాప అలాంటి ఒక ఇంట్లో ఉంది. మొగుడూ పెళ్ళాలు పాపని ఆఫీసులో ఒక్కసారే చూశారు. ఆ ఉన్న కాసేపూ పాప బల్ల కిందే కూర్చుంది. అయినా ఇద్దరూ ఆ పిల్ల మీద ప్రాణం పెట్టేసుకున్నారు. ఇక ఆఫీసరు వచ్చి ఇల్లు చూసి సరేనంటే పాప వీళ్ళది. కాదంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

తలుపు తీస్తే ఎదురుగా ఓ పెద్దావిడ. మొహంలో నవ్వు లేదు.

"పిల్లని తెచ్చుకునేది మీరేనా? ఇల్లు చూడాలి."

మీరెవరని మాస్టారు అడగలేదు. పరీక్ష పెట్టేవాళ్ళని గుర్తింపు కార్డు చూపించమన్నవాడెవడూ ఆయన ఎరుకలో పాసవలేదు.

"దయచేయండి మేడం. పిల్లలకి చేపలంటే ఇష్టమని పెంచుతున్నాం" అన్నాడు.

ఆవిడ చేపల వంక కన్నెత్తి చూడలేదు. వంటింట్లోకి వెళ్ళింది. స్నానాల గది గడియ వేసి తీసింది. మంచం కిందకి వంగి చూసింది.

"మీ ఇద్దర్లో కోపం ఎవరికెక్కువ?"

"మా ఇంట్లో కోపాల్లేవండీ" అన్నాడు మాస్టారు.

"ఈయనకే" అంది భార్య, అదే క్షణంలో.

మాస్టారి కుడికాలు దానంతటదే నేల మీద బ్రేకు తొక్కింది.

సరిగ్గా అప్పుడే పక్కింటాయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "తొట్టి ఇచ్చేస్తే చేపలకి మేత వేసుకుంటాం బాబూ" అని, ఇచ్చేదాకా ఆగకుండా పట్టుకుపోయాడు.

పెద్దావిడ పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వో, సున్నా మార్కులో మాస్టారికి అంతుపట్టలేదు.

ఆవిడ గది మధ్యలో చతికిలబడి జడ విప్పేసుకుంది.

"ఓ దువ్వెన తెచ్చి నాకు జడ వెయ్యమ్మా" అంది భార్యతో.

"మీకా అండీ?"

"నాకే."

ప్రాక్టికల్ పరీక్ష మొదలైందని మాస్టారు భార్యకి కళ్ళతో సైగ చేశాడు. చిన్నప్పటి నుంచీ పొట్టి జుట్టే కావడంతో, ఆమె బిక్కమొహం వేసుకుని దువ్వెన పట్టింది.

"అంత గట్టిగా లాగకు తల్లీ. నొప్పెడితే పైకి చెప్పే రకం కాదు, పళ్ళు బిగబట్టుకుంటుంది" అంది పెద్దావిడ. ఇంకాసేపు వేయించుకుని, "ఇక మీరు రండి" అని మాస్టారి వైపు తిరిగింది.

"నేనా? నాకేం తెలుసండీ జడలు?"

"ఈ అమ్మాయికి జ్వరమొస్తే పిల్ల జుట్టు విరబోసుకుని బడికెళ్ళాలా?"

మాస్టారు ఆవిడ వెనక కూర్చున్నాడు. మూడు పాయల్లో ఏదో ఒకటి చేతిలోంచి జారిపోతూనే ఉంది. చెమటలు పట్టాయి. పరీక్ష చెయ్యి దాటిపోతోందనిపిస్తే అధికారిని మాటల్లో పెట్టడం ఆయన అలవాటు.

"ఆ పాపని ఇప్పుడు పెంచుతున్నావిడ ఎలా చూస్తోందో ఏమోనండీ. ఆఫీసు వాళ్ళిచ్చే డబ్బుకి పెంచేవాళ్ళకి ప్రేమెక్కణ్ణుంచొస్తుంది? మా ఇంటికొచ్చాక ఆ మనిషినే మరిపించేస్తాం."

చేతుల మధ్య ఉన్న తల కదలడం మానేసింది.

"మరిపిస్తారా?"

"పేరు కూడా గుర్తుండదు" అన్నాడు, మార్కులు పడుతున్నాయన్న హుషారులో.



"పాయ జారిపోతోంది, చూసుకోండి" అంది ఆవిడ.

మాస్టారు విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అదీ జారింది. మళ్ళీ అల్లాడు. విసుక్కోవడం మాత్రం మర్చిపోయాడు. నాలుక బయటపెట్టి మరీ అల్లాడు.

ఈసారి జడ నిలిచింది. ఆవిడ దాన్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకుంది.

"ఫరవాలేదు. నేర్చుకుంటారు" అని లేచి, పెట్టిన టీ కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"పాసైపోయాం" అన్నాడు మాస్టారు, కుర్చీలో కూలబడుతూ.

కాసేపటికి మళ్ళీ బెల్ మోగింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని నడివయసు మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు.

"సంక్షేమ ఆఫీసు నుంచండీ. ఇల్లు చూడాలి."

"మీ మేడం వచ్చి చూసి వెళ్ళారుగా? జడ కూడా వేయించుకున్నారు."

"మేడం ఎవరండీ? ఈ పనికి ఉన్నది నేనొక్కణ్ణే." ఆయన ఒక్క క్షణం ఆగాడు. "పెద్దావిడా? నవ్వదా?"

"అస్సలు నవ్వదు" అన్నారిద్దరూ.

"ఆవిడ ముందు ఏమైనా అన్నారా?"

మాస్టారు తను చెప్పిన మాటల్ని గొప్పగానే ఒప్పజెప్పబోయాడు. సగంలో ఆఫీసరు మొహం చూసేసరికి గొంతు దిగిపోయింది. ఏదో రాకూడని మాట నోట్లోంచి వచ్చిందని అర్థమైంది. బాల్కనీలోకి పరుగెత్తి వీధి చివరిదాకా చూశాడు. ఆవిడ ఎక్కడా లేదు.

"ఎవరండీ ఆవిడ?" అని భార్య మెల్లగా అడిగింది.

"పాపని ఎవరికీ ఇచ్చేది లేదని ఇన్నాళ్ళూ మా మొహం మీద తలుపేసిన మనిషండీ" అన్నాడు ఆఫీసరు. "ఇందాకే ఫోన్ చేసి, మంచి ఇల్లే దొరికింది, ఇక తీసుకెళ్ళండి అంది, పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ ఆ పాపని పెంచుకున్న అమ్మ."