మొదటి పుట

పుస్తకం చూసి పావులు కదపాల్సిన మనిషి జ్వరమొచ్చి పడుకున్నాడని పొద్దున్నే కబురొచ్చింది.

తిమ్మయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

రాయచోటి దగ్గరి ఆ ఊళ్ళో చదరంగమంటే ఇద్దరే, తిమ్మయ్య, పుల్లయ్య. ఎవరు మొనగాడో పదేళ్ళుగా తేలలేదు. యాభై ఏడులో బడి అయ్యవారు దావీదురాజు పేపర్లో ఒక వింత చదివి చెప్పాడు.

“పరదేశాల్లో యంత్రానికి చదరంగం నేర్పుతాండారంట. ఎప్పుడేం చెయ్యాల్నో ముందే రాసిస్తే, రాసింది రాసినట్ల ఆడతాదంట.”

“మనమూ రాద్దాం. యంత్రం లేకపోతే మనుషుల్నే కూచోబెడదాం” అన్నాడు పుల్లయ్య.

“నేను తొమ్మిదేండ్లుగా రాస్తానే ఉండా” అన్నాడు తిమ్మయ్య.

నిజమే. సేద్యం కౌలుకిచ్చి మరీ రాశాడు. అంతటితో ఊరుకోవచ్చు గదా, పౌరుషం ఆగక ఇంకో మాట కూడా అనేశాడు.

“ఓడిన పుస్తకం పొయ్యిలోకి.”

దావీదురాజు షరతులు పెట్టాడు. పావులు కదిపేవాళ్ళు పై ఊరివాళ్ళు కావాలి. ప్రతి ఎత్తుకూ పుస్తకం మొదటి పుట నుంచి చూస్తూ పోవాలి. ముందుగా ఏ మాట సరిపోతే అదే చెయ్యాలి. సొంత తెలివి వాడబోమని ప్రమాణం చెయ్యాలి. పుస్తకాలు రాసినవాళ్ళు చదరంగం పలకకు వీపు పెట్టి కూర్చోవాలి.

ఇప్పుడు పై ఊరి మనిషిని ఎక్కడినుంచి తెచ్చేది?

అంతలో దుమ్ము కొట్టుకున్న పంచెతో ఒక ముసలాయన బస్సు దిగి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“తిమ్మయ్యప్ప ఇల్లు ఇదేనా?”

“నేనే. యా ఊరప్పా?”

“కర్నూలు. మీతో...”

“చదువు వస్తాదా?”

“వస్తాది. నేనొచ్చిన పని...”

“పని మళ్ళ చూద్దాం. ముందు కాళ్ళు కడుక్కోని ఈడ కూచో. దేవుని మాదిరి వచ్చినావు.”

పేరు కూడా అడగలేదు.

ముసలాయన పుస్తకం అందుకుని నిలబడే చివరిదాకా తిప్పాడు. మళ్ళీ మొదటికి వచ్చి నిదానంగా చదివాడు. ఆ తర్వాతే ప్రమాణం చేసి కూర్చున్నాడు.

ఎదురుగా పుల్లయ్య పుస్తకంతో దాసన్న అనే పై ఊరి చీరల వ్యాపారి కూర్చున్నాడు.

ఆట మధ్యాహ్నం దాకా సాగింది. ఏ పావు పోయిందో దావీదురాజు గట్టిగా చెబుతున్నాడు. పుల్లయ్య ఏనుగు పోయింది, గుర్రం పోయింది. వీపు పెట్టి కూర్చున్న తిమ్మయ్య మీసం మీద చెయ్యి వేశాడు.

ముసలాయన ఒకచోట ఆగాడు. ఎంతసేపటికీ చెయ్యి కదల్లేదు.

“తిమ్మయ్యప్పా, మంత్రికి ముప్పొస్తే ముందు మంత్రిని తప్పించమని మొదటి పుటలో ఉండాది.”

“ఉండాది.”

“మూడో పుటలో మాట దానికంటే ముందు చూడకూడదా?”

“కూడదు. యంత్రం మాదిరి కూచోమంటే ప్రశ్నలేందప్పా? రాసింది రాసినట్ల చెయ్.”

ముసలాయన మంత్రిని పక్కకు జరిపాడు.

మరో పది ఎత్తులకు తిమ్మయ్య రాజుకే ఆటకట్టయింది.

తిమ్మయ్య గిర్రున తిరిగాడు. దావీదురాజు బాధగా పలక మీద వేలు పెట్టి చూపించాడు.

“అప్పుడు మంత్రిని వదిలేసి ఏనుగును ఈడ దింపింటే, ఆట నీదే తిమ్మయ్యా. ‘ఆటకట్టు కనబడితే ఆలస్యం చేయకు’ అని మూడో పుటలో నువ్వే రాసినావు. అది మొదటి పుటలో ఉండాల్సింది.”

తిమ్మయ్య ముసలాయన మీదికి వెళ్ళాడు.

“నీకు కనపళ్ళేదా?”

“కనపడిందప్పా.”

“మరి ఎందుకు కదపలేదు?”

“ప్రమాణం చేసినా గదా.”

“నా తొమ్మిదేండ్ల కష్టం బుగ్గి చేసి ప్రమాణమంటావా? దోవన పోయేవాణ్ణి పిలిచి కూచోబెట్టినా చూడు, నాది బుద్ధి తక్కువ.”

“ఆడలేక మద్దెల ఓడు అనొద్దు తిమ్మయ్యా. ఆయన నిన్ను అడగనే అడిగె గదా” అన్నాడు పుల్లయ్య.

ఆ మాట పుండు మీద కారమైంది. తిమ్మయ్య పుస్తకం లాక్కుని పెరట్లోకి నడిచాడు. స్నానాల నీళ్ళ పొయ్యి ఇంకా మండుతూనే ఉంది.

ముసలాయన వెనకే వచ్చాడు.

“కాల్చొద్దప్పా. శానా మంచి పుస్తకం. ఇట్లాంటిది నేను యాడా చూళ్ళేదు. ఆ రెండు మాటలు తారుమారు చేస్తే చాలు.”

“ఉంచుకో తిమ్మయ్యా. నేనేం పట్టుబట్టను” అన్నాడు పుల్లయ్య కూడా.

అందరూ జాలిపడుతుంటే తిమ్మయ్యకు మరీ తలకొట్టేసినట్టయింది.

“చదరంగం గురించి నువ్వా నాకు చెప్పేది? పోప్పా, పో” అని పుస్తకం పొయ్యిలో పడేశాడు.

ముసలాయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. వచ్చినాయన పచ్చి మంచినీళ్ళయినా తాగలేదు.

దావీదురాజు మనసు ఊరుకోక బస్సుదాకా తోడు వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి తిమ్మయ్య చేతిలో ఒక మడత కాగితం పెట్టాడు.

“ఇది నీదేనంట. అడిగిన పని చేసేసినానని చెప్పమన్నాడు.”

“ఏం పని? నేనేమడిగినా ఆయన్ను?” అంటూ తిమ్మయ్య మడత విప్పాడు.

రెండు నెలల కిందట తన చేత్తో తానే రాసి కర్నూలుకు పంపిన ఉత్తరం అది: “చదరంగంలో మా సీమకంతటికీ గురువులైన శాంతయ్య గారికి తిమ్మయ్య నమస్కరించి రాయునది. నా పుస్తకంలో ఒక్క తప్పున్నా తమరు స్వయంగా వచ్చి చెప్తే, తమరి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను.”